రాయని బ్రేకు, రాసిన డిఫాల్టు: స్విచ్ వాక్యాన్ని టూలు ఎలా చదువుతుంది

(హైదరాబాద్‌లో ఒక శనివారం సాయంత్రం ప్రోగ్రామర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. తెర మీద చూపిన కోడ్‌ను ఇక్కడ మాటల్లోకి మార్చాను.)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఎత్తుకున్న విషయం చాలా చిన్నది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మొదటి నెలలోనే, ఇఫ్ వాక్యానికీ ఫర్ లూపుకూ మధ్య అరగంటలో చెప్పి ముగించే స్విచ్ వాక్యం గురించి, దాని మీద స్టాటిక్ అనాలిసిస్ టూళ్లు (కోడ్‌ను చదివి లోపాలు చూపే సాధనాలు) పెట్టే నియమాల గురించి మాట్లాడతాను. స్విచ్ అంటే ఒక విలువను చూసి, దాని కోసం రాసిపెట్టిన కేసు దగ్గరికి ప్రోగ్రామును పంపే వాక్యం. పని అయ్యాక స్విచ్ నుంచి బయటికి రమ్మనేది బ్రేకు, ఏ కేసుకూ చెందని విలువ వెళ్లే చోటు డిఫాల్టు. అరగంట పాఠానికి ఇన్ని నియమాలెందుకని మీకు అనిపించవచ్చు. వాహనాల సాఫ్ట్‌వేర్ కోసం మొదలై ఇప్పుడు వైద్య పరికరాల దాకా వ్యాపించిన మిస్రా సీ ప్రమాణం 2012 కూర్పులో, ఒక్క స్విచ్ కోసమే 16.1 నుంచి 16.7 దాకా ఏడు నియమాలున్నాయి. ఏడూ రిక్వైర్డ్ తరగతిలోనివే. అంటే వాటిలో దేన్నయినా తప్పాలనుకుంటే ఊరకే తప్పడం కుదరదు, ఎందుకు తప్పుతున్నామో కాగితం మీద పెట్టాలి.

నేను ఈ నియమాలను పుస్తకంలో చదివి నమ్మినవాణ్ని కాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, అపార్ట్‌మెంట్లకు నీటి మోటారు కంట్రోలర్లు తయారుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేశాను. కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. ట్యాంకు నిండితే మోటారు ఆపాలి, సంపు ఖాళీ అయితే ట్యాంకు ఎలా ఉన్నా సరే ఆపాలి, సంపులో నీళ్లుండి ట్యాంకు తగ్గితే వేయాలి. ఈ మూడు స్థితులకూ ఒక స్విచ్, అందులో ఇదే వరుసలో మూడు కేసులు. సంపు ఖాళీ అయినప్పుడు వాచ్‌మన్‌కు తెలిసేలా బజరు కూడా మోగించమని కొనేవాళ్లు అడిగారు. ఆ కేసులో బజరు లైను చేర్చే పని నాకు అప్పగించారు. నేను చేర్చాను, అయితే కింద ఉన్న బ్రేకు లైను పైన కొత్త లైను చేర్చడానికి బదులు ఆ బ్రేకునే చెరిపి దాని స్థానంలో బజరు రాశాను. బల్ల మీద పరీక్షించాం. సంపు సెన్సరు తీగ పీకాం, బజరు మోగింది, పని అయిపోయిందనుకున్నాం. మోటారు ఆగడమనేది అంతకుముందే పనిచేస్తున్న సంగతి కనుక దాని వైపు ఎవరమూ చూడలేదు.

ఏప్రిల్ నెలలో, మూసాపేట వైపు ఒక అపార్ట్‌మెంటులో, నీళ్ల ట్యాంకరు రాని రాత్రి అది బయటపడింది. తెల్లవారుతుండగా వాచ్‌మన్ ఫోన్ చేసి, "సార్, బజరు మోగుతనే ఉన్నది, మోటరు వట్టిగనే తిరుగుతున్నది, కాలిన వాసనొస్తున్నది" అన్నాడు. జరిగింది ఇది: ప్రోగ్రాం సంపు ఖాళీ కేసులోకి వెళ్లి మోటారును ఆపింది, బజరు మోగించింది, బ్రేకు లేదు కనుక కింది కేసులోకి జారింది, అక్కడ రాసి ఉన్న ప్రకారం మోటారును మళ్లీ వేసింది. ఆపడానికీ వేయడానికీ మధ్య కొన్ని మైక్రోసెకన్లే ఉన్నాయి కనుక రిలే టక్కుమనడానికి కూడా వ్యవధి లేదు. మోటారు సీలు మాడి, వైండింగు కాలింది. మేం వాడిన కంపైలరు, అంటే మన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం, ఒక్క మాట అనలేదు. భాష ప్రకారం ఆ కోడ్‌లో తప్పేమీ లేదు మరి.

సీ భాష దృష్టిలో రాయడం మరిచిన బ్రేకూ, కావాలని వదిలిన బ్రేకూ ఒక్కటే. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లు సగం అంగీకారమే ఇచ్చారు. సీ కంపైలరు దాన్ని పూర్తి అంగీకారంగా తీసుకుంటుంది. స్విచ్ మీద టూళ్లు పెట్టే నియమాలు చూడడానికి ఎన్ని ఉన్నా, వాటిలో లెక్కలోకి వచ్చేవి చేసే పని ఒకటే: మరిచిపోయిన మౌనాన్నీ, ఎంచుకున్న మౌనాన్నీ విడదీసి, రెండూ వేరువేరుగా కనబడేలా మన చేత రాయించడం. ఈ ఒక్క కొలతతోనే నేను ప్రతి నియమాన్నీ తూస్తాను. ఆ పని చేసే నియమం నాకు ముఖ్యమైనది, చేయనిది అలంకారం.

ముందుగా టూలు అసలేం చూస్తుందో చెబుతాను, ఎందుకంటే దాని చూపు తెలియకపోతే దాని వార్నింగులు చాదస్తంగా కనిపిస్తాయి. ప్రోగ్రామును నడపకుండానే, దాని పాఠాన్ని చదివి లోపాలు పట్టుకోవడాన్ని స్టాటిక్ అనాలిసిస్ అంటున్నాం. సీ ప్రోగ్రాములకు ఈ పని చేసిన తొలి ప్రసిద్ధ సాధనం లింట్. దాన్ని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో రాశాడు. బట్టకు అంటుకున్న నూలుపోగులను లింట్ అంటారు, వాటిని దులపడమే దాని పని. టూలు మొదట కోడ్‌ను చెట్టుగా విడగొడుతుంది, తర్వాత ఆ చెట్టు నుంచి ఒక దారుల పటం గీస్తుంది. మధ్యలో ఎటూ తిరగకుండా వరసగా నడిచే వాక్యాల గుంపు ఒక గడి. ఒక గడి నుంచి మరో గడికి అదుపు వెళ్లగలిగితే ఒక బాణం. స్విచ్‌కు ఈ పటం గీస్తే, పైన ఉన్న తల గడి నుంచి ప్రతి కేసు గడికీ ఒక బాణం దిగుతుంది. ప్రతి కేసు చివర నుంచీ స్విచ్ తర్వాతి గడికి ఒక బాణం వెళుతుంది. నా మోటారు కోడ్‌కు పటం గీస్తే సంపు ఖాళీ గడి నుంచి బయటికి వెళ్లవలసిన బాణం పక్కనున్న ట్యాంకు తగ్గిన గడికి వెళుతుంది. తల నుంచి కాక, మరో కేసు ఒడిలోంచి వచ్చిన ఆ బాణమే ఫాల్‌త్రూ. దాన్ని కనిపెట్టడానికి తెలివి అక్కర్లేదు, ఓపిక చాలు. టూలుకు ఉన్నది సరిగ్గా అదే.

ఈ పటంలోనే మినహాయింపులు కూడా కనిపిస్తాయి. కేసు 1, కేసు 2, కేసు 3 అని మూడు లేబుళ్లను ఒకదాని కింద ఒకటి పేర్చి, మూడింటికీ ఒకే పని రాస్తే మధ్యలో వాక్యాలు లేవు కనుక అక్కడ జారడానికేమీ లేదు, మిస్రా 16.3 కూడా దాన్ని ఒప్పుకుంటుంది. కేసు చివర రిటర్న్ ఉంటే బాణం ఫంక్షన్ బయటికి పోతుంది కనుక చాలా టూళ్లు ఊరుకుంటాయి. చివర మీరు సొంతంగా రాసుకున్న "దోషం రాసి ప్రోగ్రామును ముగించు" అనే ఫంక్షన్‌ను పిలిచారనుకోండి, అప్పుడు చిక్కు వస్తుంది. ఆ ఫంక్షన్ ఎన్నటికీ తిరిగి రాదని మీకు తెలుసు, వేరే ఫైలులో ఉన్న దాని ఒళ్లు చూడని టూలుకు తెలియదు. అది బాణం గీసి వార్నింగిస్తుంది, మీరు టూలును తిడతారు. తిరిగి రాని ఫంక్షన్ అని ప్రకటించడానికి 2011 ప్రమాణం నుంచి సీ భాషలోనే మాట ఉంది. ఆ ఒక్క మాట ఫంక్షన్ ముందు రాస్తే వార్నింగు పోవడమే కాదు, చదివే మనిషికీ విషయం తెలుస్తుంది. తప్పుడు వార్నింగు అని మనం కొట్టిపారేసే వాటిలో చాలా భాగం ఇలాంటివే: మనకు తెలిసిన విషయాన్ని మనం ఎక్కడా రాయకపోవడం.

ఇక కావాలనే జారవలసిన చోటు సంగతి. అలాంటివి ఉంటాయి, ఉండకూడదని నేననను. 1983లో టామ్ డఫ్ అనే ప్రోగ్రామర్ స్విచ్ కేసులను ఒక లూపు కడుపులోకి దూర్చి, అంకెల బదిలీని వేగంగా నడిపే చిత్రమైన కోడ్ రాశాడు. డఫ్స్ డివైస్ అని ఇప్పటికీ దాన్ని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు. అందులో ప్రతి కేసూ కింది దానిలోకి జారడమే కిటుకంతా. మామూలు పనిలో కూడా, ఒక పాత వెర్షన్ ఫైలును కొత్త దానికి మార్చేటప్పుడు ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు అంటూ మెట్లు దిగడానికి జారుడు చక్కగా ఒదుగుతుంది. అలాంటి చోట, జారుడు కావాలన్నదేనని చెప్పాలి. పాత లింట్ రోజుల్లో దీనికి ఒక కామెంట్ రాసేవారు. జీసీసీ అనే కంపైలరు 2017లో వచ్చిన తన 7వ వెర్షన్‌లో ఈ వార్నింగును ఎక్స్‌ట్రా వార్నింగుల మూటలో చేర్చినప్పుడు ఆ అలవాటునే గౌరవించి, కామెంట్లను చదివే అయిదు మెట్లు పెట్టింది. మొదటి మెట్టులో ఏ కామెంటైనా చాలు. అయిదో మెట్టులో ఏ కామెంటూ చెల్లదు, అట్రిబ్యూటే (కంపైలరు కోసమే కోడ్‌లో రాసే గుర్తు) రాయాలి. మనం మామూలుగా వాడేది మూడోది. దానిలో కొన్ని నిర్దిష్టమైన ఇంగ్లీషు మాటలుంటేనే ఒప్పుకుంటుంది. "ఇక్కడ కావాలనే కిందికి జారుతోంది" అని మీరు చక్కని తెలుగులో రాస్తే అది మొదటి మెట్టు మీద మాత్రమే చెల్లుబాటవుతుంది. రెండో మెట్టు ఇంకా తమాషా. ఫాల్, త్రూ అనే రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే చాలు కనుక, "ఇక్కడ ఫాల్ త్రూ కాకూడదు" అని ఇంగ్లీషులో హెచ్చరించే కామెంటును కూడా అది అనుమతి పత్రంగా తీసుకుంటుంది.

అందుకే నేను కామెంటును నమ్మను. కామెంటు టూలు కోసం రాసింది కాదు, టూలు దాన్ని ఊహించి చదువుతోంది. క్లాంగ్ అనే మరో కంపైలరు అయితే అసలు చదవదు. సీ ప్లస్ ప్లస్ 17లో ఫాల్‌త్రూ అనే అట్రిబ్యూట్ భాషలోకే వచ్చింది, సీ భాషలోకి సీ 23తో వచ్చింది. లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మూల భాగం) వాళ్లు ఏళ్ల తరబడి తమ కోడ్‌లో ఒక్కొక్క జారుడునూ వెదికి, ఇది మరిచినదా, ఎంచుకున్నదా అని తేల్చి, 2019లో 5.3 వెర్షన్ నాటికి ఈ వార్నింగును కెర్నెల్ అంతటికీ వర్తింపజేయగలిగారు. ఆ తర్వాత కామెంట్ల స్థానంలో ఫాల్‌త్రూ అనే ఒక మాటనే పెట్టుకున్నారు. ఆ శ్రమలో నాకు నచ్చినది వార్నింగుల సంఖ్య సున్నాకు చేరడం కాదు. ప్రతి చోటా ఎవరో ఒకరు ఆగి, ఇక్కడ రాసినవాడి ఉద్దేశం ఏమిటని అడిగారు. ఆ వెదుకులాటలో నిజమైన దోషాలు కూడా బయటపడ్డాయి.

బ్రేకు ఉంటే చాలునా అంటే చాలదు. దీనికి 1990 జనవరి 15న అమెరికాలో జరిగిన టెలిఫోన్ పతనం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఆ రోజు మధ్యాహ్నం ఏటీ అండ్ టీ సంస్థ దూరప్రాంత కాల్స్ నడిపే 114 ఎక్స్చేంజీలు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ పోయాయి, దాదాపు తొమ్మిది గంటల పాటు కోట్ల కాల్స్ కలవలేదు. న్యూయార్క్‌లో ఒక ఎక్స్చేంజి చిన్న ఇబ్బంది వచ్చి తనను తాను సరిచేసుకుని, నేను మళ్లీ పనిలోకి వచ్చానని పొరుగువాటికి తెలిపింది. ఆ కబురు అందుకుని తమ పట్టికలు దిద్దుకుంటున్న పొరుగు ఎక్స్చేంజీలకు, సెకనులో అతి చిన్న భాగం తేడాతో రెండో కబురు అందింది. అప్పుడు నడిచిన సీ కోడ్‌లో, స్విచ్ లోపలి ఒక కేసులో ఉన్న ఇఫ్ వాక్యంలో ఒక బ్రేకు ఉంది. ఆ ఇఫ్ నుంచి మాత్రమే బయటపడతామన్నట్టు అక్కడ రాసిన ఆ బ్రేకు, మొత్తం స్విచ్ నుంచే బయటికి తీసుకుపోయింది. జరగవలసిన పని జరగలేదు, డేటా చెడింది, ఆ ఎక్స్చేంజీ కూడా తనను తాను ఆపి మళ్లీ మొదలయింది, మళ్లీ మొదలయ్యానని తన పొరుగువాటికి కబురు పంపింది. తర్వాత కథ మీకు తెలిసిందే.

ఈ ఉదాహరణను మన టూళ్ల ముందు పెట్టి చూడండి. కేసు చివర బ్రేకు ఉందా లేదా అని మాత్రమే చూసే రూలు అక్కడ నోరు మెదపదు, ఎందుకంటే అక్కడ బ్రేకు లేకపోవడం కాదు, ఉండడమే లోపం. ఈ మాట ఒప్పుకోవడం టూళ్లను తక్కువ చేయడం కాదు. రూలు బ్రేకును లెక్కపెట్టగలదు, బ్రేకు ఎవరిని ఉద్దేశించి రాశారో చెప్పలేదు. కేసు మధ్యలో, షరతు లోపల ఉన్న బ్రేకును మా జట్టులో మేం సొంత రూలుగా నిషేధించుకున్నాం: ఒక కేసుకు ఒకటే బ్రేకు, అదీ చివర. షరతు కావాలంటే ఆ కేసు పనిని విడి ఫంక్షన్‌లో పెట్టి అక్కడ రిటర్న్ వాడుకోవాలి. ఇది కొంచెం కఠినమేనని కొత్తగా చేరినవాళ్లు గొణుగుతారు. లూపు లోపల స్విచ్ ఉండి, స్విచ్‌లోని బ్రేకు లూపును ఆపుతుందనుకుని ఒక రాత్రంతా కూర్చున్నాక గొణగడం మానేస్తారు. గో భాషలో కూడా ఈ ఉచ్చు అలాగే ఉంది. అక్కడ లూపుకు పేరు పెట్టి, బ్రేకుకు ఆ పేరు చెప్పాలి.

ఇప్పుడు డిఫాల్ట్ సంగతి. నాకు ఎక్కువ వాదనలు తెచ్చిపెట్టిన విషయం ఇదే, ఎందుకంటే ఇక్కడ పెద్దలే రెండు వైపుల నిలబడ్డారు. మిస్రా 16.4 ప్రతి స్విచ్‌కూ డిఫాల్ట్ ఉండి తీరాలంటుంది. క్లాంగ్ కంపైలరును తయారుచేసే ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల కోడింగ్ ప్రమాణాలు, ఎనమ్ (పేర్లు పెట్టిన విలువల జాబితా) విలువలన్నిటికీ కేసులు రాసిన స్విచ్‌లో డిఫాల్ట్ రాయవద్దంటాయి. రాస్తే హెచ్చరించే వార్నింగు కూడా క్లాంగ్‌లో ఉంది. ఇద్దరిలో ఎవరు చెప్పింది సరి?

మన మెట్రోనే తీసుకుందాం. ఇది ఎవరి యాప్ గురించీ కాదు, ఊహించిన ఉదాహరణ. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు మియాపూర్ నుంచి అమీర్‌పేట వరకు ఎర్ర లైనూ, అమీర్‌పేట నుంచి నాగోల్ వరకు నీలి లైనూ ఉన్నాయి. ఒక ప్రోగ్రామర్ ఎరుపు, నీలం అని రెండు విలువలతో ఎనమ్ రాసి, ప్లాట్‌ఫారం బోర్డు మీద ఏ పేర్లు చూపాలో తేల్చడానికి ఒక స్విచ్ రాశాడు. ఎరుపుకు కేసు రాసి మియాపూర్ వైపు అన్నాడు. రెండోదానికి కేసు ఎందుకని, డిఫాల్ట్ పెట్టి నాగోల్ వైపు అన్నాడు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు ఆకుపచ్చ లైను వచ్చింది. మరొకరెవరో ఎనమ్‌లో ఆకుపచ్చను చేర్చారు, కంపైల్ చేశారు, ఒక్క వార్నింగూ రాలేదు. నారాయణగూడ స్టేషన్‌లో నిలబడ్డ మనిషికి, ఎన్నడూ అటు వెళ్లని రైలుకు నాగోల్ వైపు అనే బోర్డు కనిపించింది. ఆ డిఫాల్ట్ లేకపోయి ఉంటే, జీసీసీ ఆల్ వార్నింగుల మూటలోనే ఉండే స్విచ్ వార్నింగు, ఆకుపచ్చకు కేసు లేదని ఎనమ్ మార్చిన నిమిషంలోనే చెప్పేది. డిఫాల్ట్ దాని నోరు మూసింది. ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల భయం ఇదే.

మరి మిస్రా వాళ్ల భయం ఏమిటి? సీ భాషలో ఎనమ్ అంటే పేర్లు పెట్టిన పూర్ణాంకం మాత్రమే. తీగ మీద నుంచి, సెన్సరు నుంచి, పాడైన మెమరీ నుంచి ఏ అంకె అయినా దానిలోకి వచ్చి కూర్చోవచ్చు. మూడు రంగులే ఉన్న చోట 77 రావచ్చు. డిఫాల్ట్ లేని స్విచ్ 77ను చూసి ఏమీ చేయకుండా దాటిపోతుంది. బ్రేకుల కంట్రోలరులో ఏమీ చేయకపోవడం కూడా ఒక చర్యే. కనుక ఇద్దరూ రెండు వేరు ప్రమాదాలను చూస్తున్నారు: ఒకరు రేపు ప్రోగ్రామర్ చేర్చబోయే విలువను, మరొకరు ఈరోజే బయటి నుంచి చొరబడే విలువను. నా తీర్పు ఏమిటంటే, రెండూ కావాలి, అది సాధ్యమే. ప్రతి ఎనమ్ విలువకూ కేసు పేరుపేరునా రాయండి. డిఫాల్ట్ కూడా రాయండి, కానీ అందులో మామూలు పనేదీ పెట్టకండి, రాకూడనిది వచ్చిందని లాగులో రాసి భద్రమైన స్థితికి వెళ్లే పని మాత్రమే పెట్టండి. దానితోపాటు, డిఫాల్ట్ ఉన్నా సరే వదిలేసిన ఎనమ్ విలువలను చెప్పే స్విచ్-ఎనమ్ వార్నింగును జీసీసీలో వేసుకోండి. అది ఆల్ మూటలోనూ ఉండదు, ఎక్స్‌ట్రా మూటలోనూ ఉండదు, విడిగా అడగాలి. డిఫాల్ట్ లేకపోతే మాత్రమే అరిచే స్విచ్-డిఫాల్ట్ అనే మూడోది కూడా ఒకటుంది. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ఒకటి వేసుకుని మరొకటి వేసుకున్నామనుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను.

టూలు నోరు మూయించడానికి "డిఫాల్ట్, బ్రేక్" అని రెండు మాటలు అతికించే అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. ఒకసారి నా దగ్గరికి రివ్యూకు ఒక పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో మార్పుల ప్రతిపాదన) వచ్చింది, దాని పేరు "వార్నింగ్ ఫిక్సెస్". నలభైకి పైగా ఫైళ్లు, ప్రతి దానిలో ఖాళీ డిఫాల్ట్ ఒకటి. వార్నింగుల లెక్క చూపే డాష్‌బోర్డు పచ్చబడింది. అంతకుముందు టూలుకు తెలిసిన నలభై మౌనాలు ఇప్పుడు టూలుకు కూడా తెలియవు. అంతకంటే భయపెట్టింది అందులోని ఒక ఫైలు. అక్కడ వెర్షన్ మెట్లు దిగే కోడ్ ఉంది, జారుడు కావాలని రాసినదే, కామెంటు లేదు. ఆ కుర్రవాడు వార్నింగు చూసి బుద్ధిగా ప్రతి కేసుకూ బ్రేకు పెట్టాడు. వార్నింగు పోయింది, పాత ఫైళ్లు సగం మారి ఆగిపోయాయి. నేను పిలిచి అడిగితే, "టూలు పెట్టమంది కదా అన్నా" అన్నాడు. టూలు పెట్టమనలేదు, నీ ఉద్దేశమేమిటని అడిగింది. కానీ ప్రశ్నను ఆజ్ఞలా చదవడం మనం వాళ్లకు నేర్పిందే, నెలాఖరుకు వార్నింగులు సగమవ్వాలని లక్ష్యం పెట్టింది మనమే కదా. ఈ చిట్కాను మిస్రా ముందే ఊహించినట్టుంది: 16.4 ప్రకారం డిఫాల్ట్‌లో బ్రేకుకు ముందు ఒక వాక్యమో, కనీసం ఒక కామెంటో ఉండాలి. చేయవలసింది ఏమీ లేకపోతే, ఎందుకు లేదో రాయాలి.

మిగిలిన నియమాలను వేగంగా దాటుతాను. స్విచ్‌లో కనీసం రెండు శాఖలుండాలన్నదీ, నిజం-అబద్ధం విలువ మీద స్విచ్ వేయకూడదన్నదీ, డిఫాల్ట్ మొదట గానీ చివర గానీ ఉండాలన్నదీ చదువరి సుఖం కోసం పెట్టినవి. పాటించండి, కానీ వాటి కోసం పోట్లాడకండి. కేసుల సంఖ్య మీద పరిమితులు కూడా అంతే. 1976లో థామస్ మెక్‌కేబ్ ప్రతిపాదించిన, కోడ్‌లోని దారులను లెక్కపెట్టి చిక్కుదనాన్ని కొలిచే సైక్లోమాటిక్ సంక్లిష్టత ప్రకారం ప్రతి కేసూ ఒక అంకె పెంచుతుంది కనుక, పన్నెండు నెలల పేర్లు తిరిగి ఇచ్చే అమాయకమైన స్విచ్ కూడా ఆయన సూచించిన 10 పరిమితిని దాటుతుంది. ఆయనే అలాంటి స్విచ్‌లకు మినహాయింపు ఇవ్వవచ్చన్నాడు, ఆ సంగతి డాష్‌బోర్డులు మరిచాయి.

రెండు చిన్న రూళ్ల దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే అవి పట్టే తప్పులను కళ్లతో పట్టడం కష్టం. మొదటిది అక్షరదోషం. డిఫాల్ట్ అనే మాటలో రెండు ఇంగ్లీషు అక్షరాలు తారుమారైతే సీ కంపైలరు దోషం చూపదు. కోలన్ ముందున్న తెలియని మాట కనుక, అది గోటూ (ఫలానా చోటికి దూకు అనే ఆజ్ఞ) కోసం పెట్టిన లేబుల్ అనుకుని ఊరుకుంటుంది. మీ డిఫాల్ట్ ఇక ఎప్పుడూ నడవదు. కేస్ అనే మాటకూ 3 అంకెకూ మధ్య ఖాళీ మరిచినా అదే గతి. ఎవరూ వాడని లేబుల్ ఉందని చెప్పే వార్నింగు దీన్ని పట్టుకుంటుంది. ఆ వార్నింగు చూసినవాళ్లు మాత్రం, మేం లేబుళ్లే వాడం కదా, ఇదేదో టూలు తిక్క అని దాటిపోతుంటారు. రెండోది, కేసు 2 లేదా 3 అనే అర్థంలో మధ్యలో రెండు నిలువు గీతలు పెట్టడం. అది తార్కిక వ్యక్తీకరణ, దాని విలువ 1. రెండుకూ మూడుకూ రాసిన పని ఒకటికి జరుగుతుంది. ఇంగ్లీషులో చదివినా తెలుగులో చదివినా అర్థం సరిగ్గానే వినిపిస్తుంది కనుక రివ్యూలో ఎవరి కంటికీ ఆనదు. టూలుకు చెవులు లేవు, అందుకే పట్టుకుంటుంది.

ఈ నియమాల్లో కొన్ని ఇప్పుడు టూలు చేతిలోంచి భాష చేతిలోకి వెళ్లిపోయాయి. సీ షార్ప్‌లో వాక్యాలున్న కేసు కిందికి జారితే కంపైల్ కాదు. గో, స్విఫ్ట్ భాషల్లో మౌనానికి అర్థం తిరగబడింది: ఏమీ రాయకపోతే ఆగడం, జారాలంటే ఫాల్‌త్రూ అని రాయడం. రస్ట్ భాషలోని మ్యాచ్, అన్ని విలువలకూ జవాబు రాయనిదే కదలదు. జావా 14లో స్థిరపడిన స్విచ్ ఎక్స్‌ప్రెషన్ ఎనమ్ విలువలన్నీ కవర్ చేయమంటుంది. చేసినచోట కంపైలరు తానే లోపల ఒక డిఫాల్ట్ పెట్టి, తర్వాత ఎవరైనా ఎనమ్‌ను మార్చి దాన్ని మాత్రమే కంపైల్ చేసి పంపితే ఎక్సెప్షన్ విసురుతుంది. నేను మెట్రో దగ్గర చెప్పిన రెండు భయాలనూ ఒకే చోట తీర్చిన ఏర్పాటు అది. అయినా మన ఊళ్లో రోజూ నడిచే కోడ్‌లో ఎక్కువ భాగం పాత జావా, పాత సీ, సీ ప్లస్ ప్లస్. పాత కోడ్ మీద ఒకేసారి అన్ని రూళ్లూ వేస్తే వచ్చే వేల వార్నింగులను ఎవరూ చదవరు. ఈనాటి వార్నింగులను లెక్కగట్టి పక్కన పెట్టి, రేపటి నుంచి మార్చిన లైన్ల మీద మాత్రమే బిల్డు ఆపండి. మొదట ఫాల్‌త్రూ ఒక్కటే వేయండి. ఆపివేసిన ప్రతి వార్నింగు పక్కనా కారణం ఒక వాక్యం ఉండాలని పట్టుబట్టండి.

చివరి వరుసలోంచి ఒకరు చీటీ పంపారు: "ఇంత గొడవ ఎందుకు, స్విచ్ మానేసి ఇఫ్, ఎల్స్ ఇఫ్ గొలుసు రాసుకుంటే సరిపోదా?" సరిపోదండి. గొలుసులో జారుడు ఉండదు, అది నిజమే, నా మోటారు కాలి ఉండేది కాదు. కానీ గొలుసు చివర ఎల్స్ రాయకపోతే అదే మౌనం అక్కడా ఉంటుంది. అందుకే మిస్రా 15.7 ఎల్స్ ఇఫ్ ఉన్న ప్రతి గొలుసూ ఎల్స్‌తో ముగియాలంటుంది. పైగా, ఎనమ్‌లో ఆకుపచ్చను చేర్చినప్పుడు స్విచ్‌లో దానికి కేసు లేదని కంపైలరు చెప్పగలదు. ఇఫ్ గొలుసును చూసి ఆ మాట చెప్పే వార్నింగు జీసీసీలో లేదు.